ఎగ్జిబిషన్ అయిపోయాక ఆ ఊరిని ఎవరు చూసుకుంటారు? – మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల జపాన్ కొండ ఊళ్ళల్లో జరిగే ఎచిగో త్సుమారి ఆర్ట్ ఫెస్టివల్ ఫొటోలు రెండు పేజీల్లో వేశాం కదా, దాని మీద బెంగళూరు నుంచీ చెన్నై నుంచీ చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎలా వెళ్ళాలి అని కొందరు అడిగారు, అసలు ఇదంతా దేనికి అని ఇంకొందరు అడిగారు. రెండూ అడగాల్సినవే. ఒకే విషయం మీద వచ్చినవి కలిపేసి కొన్నిటికి ఇక్కడ రాస్తున్నాను.

ప్రశ్న: మేడం, ఆఫీసు పని మీద టోక్యో వెళ్తున్నాను, శని ఆదివారాలు ఖాళీ దొరుకుతాయి. మీరు వేసిన ఫొటోల్లో ఆ సొరంగం చివర నీళ్ళల్లో కొండ నీడ పడేది తప్పకుండా చూడాలని ఉంది. ఒక్క రోజులో అంతా చూసి రావచ్చా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, మహదేవపుర, బెంగళూరు

అంతా చూడలేరమ్మా, ఆ ఆశ ముందే వదిలేసుకుంటే హాయిగా చూస్తారు. దారి కష్టమేం కాదు, టోక్యోలో జోయెత్సు షింకన్‌సెన్ అనే బులెట్ రైలు ఎక్కి ఎచిగో యుజావాలో దిగి అక్కడ హొకుహొకు లైన్ అని చిన్న రైలు మారితే తోకమాచి, తర్వాత మత్సుదాయ్ వస్తాయి, పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటారు. కానీ ఈ ఎగ్జిబిషన్ ఒక బిల్డింగ్‌లో ఉండేది కాదు. తోకమాచి సిటీ, త్సునాన్ టౌన్ రెండూ కలిపి 760 చదరపు కిలోమీటర్లు, అంటే దాదాపు మన బెంగళూరు నగరం అంత ఏరియా అనుకోండి, ఇక్కడ అంత జాగాలో కోటి మంది ఉంటే అక్కడ లక్ష మంది కూడా లేరు, ఉన్నవాళ్ళల్లో పెద్దవాళ్ళే ఎక్కువ, పిల్లలు చదువుకుని టోక్యో వెళ్ళిపోయారు. చలికాలం రెండు మూడు మీటర్ల మంచు పడుతుంది. అలాంటి చోట 2000లో ఫ్రామ్ కితగావా అనే ఆయన ఈ ఫెస్టివల్ మొదలుపెట్టాడు, ఆయనదీ ఆ నీగాతా జిల్లానే. మూడేళ్ళకోసారి జరుగుతుంది, కోవిడ్ వల్ల 2021ది 2022కి జరిగింది, తొమ్మిదోది 2024లో అయింది. అన్ని కళాఖండాలూ ఫెస్టివల్‌తో పోవు, చాలావరకు అక్కడే ఉంటాయి కాబట్టి మామూలు రోజుల్లో కూడా చూడొచ్చు, వారంలో కొన్ని రోజులు మూసేస్తారు, అది చూసుకుని వెళ్ళండి.

మీరు చెప్పిన సొరంగం కియోత్సు లోయలోది, 750 మీటర్ల పాత టన్నెల్, 2018లో చైనా ఆర్కిటెక్ట్ యాన్‌సాంగ్ మా గారి కంపెనీ మాడ్ ఆర్కిటెక్ట్స్ దాన్ని కళాఖండంగా మార్చింది. బాగుంటుంది, జనం కూడా బాగానే ఉంటారు. కానీ ఒక్క రోజే ఉందంటే నేనైతే అటు పంపను, మత్సుదాయ్ స్టేషన్ దగ్గరే దిగిపొమ్మంటాను. స్టేషన్ పక్కనే నోబుతాయ్ అని తెల్లటి బిల్డింగ్ ఉంది, దాని డెక్ మీద నుంచి చూస్తే ఎదురుగా కొండ వాలు మీద మెట్లు మెట్లుగా వరి మడులు, ఆ మడుల్లో నీలం రంగూ పసుపు రంగూ మనుషుల బొమ్మలు, దున్నేవాళ్ళు, విత్తనం చల్లేవాళ్ళు, నాట్లు వేసేవాళ్ళు, గడ్డి కోసేవాళ్ళు, పంట పట్నానికి మోసుకెళ్ళేవాళ్ళు. ఇటు డెక్ మీద ఆ పనుల గురించి కవిత్వంలా రాసిన అక్షరాలు వేలాడుతుంటాయి, ఒక చోట నిలబడి చూస్తే ఆ అక్షరాలు సరిగ్గా ఆ మడుల మీదకి వచ్చి కూర్చుంటాయి. ఇల్యా, ఎమీలియా కబకోవ్ అనే కళాకారుల దంపతులు 2000లో చేసిన పని ఇది.

దీని వెనక కథ తెలిస్తేనే దాని విలువ తెలుస్తుంది. ఆ మడులు ఒక రైతువి, పెద్దాయన, ఒంట్లో ఓపిక తగ్గి సేద్యం మానేద్దామనుకుంటున్న టైంలో వీళ్ళు వచ్చి మీ పొలంలో బొమ్మలు పెడతాం అన్నారు. ఆయన మొదట ఒప్పుకోలేదు, ఎందుకు ఒప్పుకుంటాడు, తాతల నాటి భూమి అది. తర్వాత కబకోవ్ వేసిన నమూనాలు చూసి, తాము జీవితమంతా చేసిన పనినే ఈ విదేశీయుడు నెత్తిన పెట్టుకుంటున్నాడని అర్థమై సరే అన్నాడు, ఇంకొన్నేళ్ళు సేద్యం కూడా చేశాడు. ఇక చేయలేని రోజు వచ్చాక ఫెస్టివల్ వాళ్ళే ఆ మడులు చేతిలోకి తీసుకుని నాట్లూ కోతలూ చేస్తున్నారు. మడి ఎండి గడ్డి మొలిస్తే ఆ బొమ్మలకి అర్థం ఉండదు కదండీ, అందుకే అక్కడ కళని కాపాడ్డం అంటే వరి పండించడం. నాకు ఈ మొత్తం ఫెస్టివల్‌లో అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే, మ్యూజియం స్టాఫ్ బురదలో దిగి నారు పీకుతున్నారు!

టైం మిగిలితే భోజనానికి ఉబుసునా ఇంటికి వెళ్ళండి. 1924లో కట్టిన గడ్డి కప్పు ఇల్లు, 2004 భూకంపంలో దెబ్బతిని ఖాళీ అయిపోతే బాగుచేసి 2006లో తెరిచారు, లోపల పొయ్యి, వాష్‌బేసిన్, స్నానాల తొట్టి అన్నీ సిరామిక్ కళాకారులు చేసినవి, వంట మాత్రం ఆ ఊరి ఆడవాళ్ళది, వాళ్ళ తోటల్లో కాసిన కూరగాయలే వండి పెడతారు. ఇంకోటి, మనవాళ్ళకి చాలామందికి తెలియదు, తోకమాచిలోనే మూసేసిన ఒక పాత బడిలో మిథిలా మ్యూజియం ఉంది. తోకియో హసెగావా అనే జపాన్ ఆయన 1982లో పెట్టారు. మధుబని గంగాదేవి లాంటి మన చిత్రకారులు అక్కడికి వెళ్ళి ఉండి బొమ్మలు వేశారు. బీహార్ పల్లె గోడల మీది బొమ్మ జపాన్ మంచు కొండల్లో ఉందంటే చూడకుండా రాబుద్ధి అవుతుందా మీకు?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో పర్యావరణ దినోత్సవానికి పిల్లలందరూ కలిసి ప్లాస్టిక్ బాటిళ్ళతో పెద్ద ఏనుగు చేశారు, పేపర్లో కూడా పడింది. దీన్ని ఎకలాజికల్ ఆర్ట్ అనొచ్చా అండి?
– ఒక తల్లి, వేళచ్చేరి, చెన్నై

పిల్లలు చేశారంటే సంతోషం, వాళ్ళని తక్కువ చేయను. కానీ ఒక్కటి అడుగుతాను, ఆ ఏనుగు ఇప్పుడు ఎక్కడుంది? బాటిళ్ళు విప్పి రీసైక్లింగ్‌కి పంపారా, లేక వాచ్‌మన్ రూమ్ వెనకాల వానకి తడుస్తోందా? చెత్తతో బొమ్మ చేస్తే చెత్త కనిపిస్తుంది, అది మంచిదే, అంతటితో ఆగితే అది పోస్టర్ లాంటిది. నేను ఎకలాజికల్ ఆర్ట్ అని దేన్ని అంటానంటే, దాని వల్ల ఆ చోటులో మట్టికో నీటికో చెట్టుకో మనిషికో ఏదో మారాలి, ఆ మారింది తర్వాత కూడా ఉండాలి.

ఆగ్నెస్ డెనెస్ అనే అమెరికా కళాకారిణి చేసింది చెప్తాను. ఫిన్లాండ్‌లో యులోయార్వి అనే చోట కంకర తవ్వేసి వదిలేసిన నేల ఉంది, అక్కడ మట్టి పోసి ఒక కొండనే కట్టించి, దాని మీద సుడులు తిరిగే లెక్క ప్రకారం 11,000 పైన్ మొక్కలు నాటించింది, 11,000 మంది మనుషులతో, ఒక్కొక్కరికి ఒక్కొక్క చెట్టు. 1992లో మొదలై 1996కి పూర్తయింది. నాటిన ప్రతివాళ్ళకీ ఆ చెట్టు మీద హక్కుపత్రం ఇచ్చారు, అది 400 ఏళ్ళు చెల్లుతుంది, పిల్లలకీ మనవలకీ రాసిచ్చుకోవచ్చు. ఆలోచించండి, బొమ్మ గీసినప్పుడే దాన్ని ఎన్ని తరాలు చూసుకోవాలో కూడా గీసింది ఆవిడ. మీ అపార్ట్‌మెంట్‌లో అంత కొండ కుదరదు, కానీ వేళచ్చేరి చెరువు మీ పక్కనే ఉంది కదా. వచ్చే ఏడాది పిల్లల్ని ఆ గట్టు మీదకి తీసుకెళ్ళి ఏడాది పొడుగునా నీళ్ళు ఎంత వరకు వస్తున్నాయో, ఏ పిట్టలు వస్తున్నాయో బొమ్మలు వేయించండి, ఆ బొమ్మలు కౌన్సిలర్ ఆఫీసులో పెట్టించండి. అది ఏనుగు కంటే కష్టం, పేపర్లో పడకపోవచ్చు కూడా.

ప్రశ్న: అమ్మా, నేను రిటైర్డ్ ఇంజనీరుని. ముప్ఫై దేశాల నుంచి కళాకారులు విమానాలెక్కి కొండల్లోకి వెళ్ళి, నీళ్ళకి కటకటలాడే లడాఖ్ లాంటి చోట హోటళ్ళల్లో దిగి, వాతావరణం పాడైపోతోంది అని బొమ్మలు పెట్టడం ఏం న్యాయం? చూడ్డానికి టూరిస్టులు ఇంకా వస్తారు, చెత్త ఇంకా పెరుగుతుంది. నాకు ఇది ఒప్పు అనిపించడం లేదు.
– మల్లేశ్వరం, బెంగళూరు

మీ కోపం సరైనదే బాబాయి గారూ, దాన్ని పక్కన పెట్టి ఈ విషయం మాట్లాడ్డం కుదరదు. ఓలాఫుర్ ఎలియాసన్ అనే కళాకారుడు గ్రీన్‌ల్యాండ్ నుంచి మంచు దిమ్మలు ఓడల్లో తెప్పించి 2014లో కోపెన్‌హేగెన్‌లో, 2015లో పారిస్‌లో, 2018లో లండన్‌లో నడిబజారులో పెట్టి కరగనిచ్చాడు, జనం వచ్చి ముట్టుకున్నారు, చెవి ఆనించి విన్నారు. దాన్ని కూడా మీలాగే చాలామంది తిట్టారు. ఆయన టీం ఆ రవాణాకి ఎంత కార్బన్ ఖర్చయిందో లెక్క తీయించి బయట పెట్టింది. లెక్క చెప్పినంత మాత్రాన ఖర్చు తగ్గదు, ఒప్పుకుంటాను, కానీ లెక్క చెప్పని ఎగ్జిబిషన్ కంటే చెప్పినది మేలు. ఏ ఎగ్జిబిషన్‌నైనా నేను మొదట అడిగేది అదే, సామాను ఎక్కడి నుంచి వచ్చింది, తిరిగి ఎక్కడికి పోతుంది, ఖర్చులో ఊరివాళ్ళ చేతికి ఎంత వచ్చింది.

లడాఖ్ సంగతికి వస్తే 2023లో లేహ్ దగ్గర డిస్కో వ్యాలీ అనే బంజరు కొండల్లో, దాదాపు 3,600 మీటర్ల ఎత్తులో, సా లడాఖ్ పేరుతో ల్యాండ్ ఆర్ట్, అంటే ఆరుబయట నేల మీదే చేసే కళ, ఎగ్జిబిషన్ పెట్టారు, లడాఖ్ కళాకారులూ బయటి దేశాల వాళ్ళూ కలిసి, ఎక్కువగా అక్కడ దొరికే మట్టి, రాయి, వాడేసిన సామానుతోనే చేశారు. ఆ దారి నాకు నచ్చింది. అయినా మీరు అడిగిన నీళ్ళ ప్రశ్న అలాగే ఉంది, ఎందుకంటే లేహ్‌లో వానలు పడేదే చాలా తక్కువ, అక్కడి సేద్యం అంతా కొండ మీది మంచు కరిగి వచ్చే నీళ్ళతోనే, ఒక్కో గెస్ట్‌హౌస్ పెరిగేకొద్దీ ఆ నీళ్ళకి ఒక్కో మనిషి పోటీ.

మీరు ఇంజనీరు కాబట్టి ఇది మీకు నచ్చుతుంది. లడాఖ్ రైతుకి అసలు చిక్కు ఏడాది మొత్తం మీద నీళ్ళు తక్కువ కావడం ఒక్కటే కాదు, ఏప్రిల్, మే నెలల్లో విత్తనం వేసే టైంకి నీళ్ళు ఉండవు, పైన హిమానీనదం ఇంకా కరగడం మొదలెట్టదు. చలికాలంలో మాత్రం వాగుల్లో నీళ్ళు ఊరికే పోతుంటాయి. లడాఖ్ ఇంజనీరు సోనమ్ వాంగ్‌చుక్ 2013, 2014 ప్రాంతంలో ఏం చేశాడంటే, వాగు పై భాగంలో పైపు పెట్టి నీళ్ళు కిందికి దించాడు, ఎత్తు తేడా వల్ల మోటారు లేకుండానే నీళ్ళు పైపు చివర నుంచి ఫౌంటెన్‌లా పైకి చిమ్ముతాయి, మైనస్ ఇరవై చలిలో ఆ చినుకులు కింద పడుతూనే గడ్డకట్టి గోపురంలా పేరుకుంటాయి, దీన్నే మంచు స్తూపం అంటారు. గరాటు బోర్లించినట్టున్న ఆ ఆకారం ముచ్చటకి కాదు, అంత ఘనపరిమాణానికి ఎండ తగిలే పైభాగం తక్కువ కాబట్టి నేల మీద పరిచిన మంచు ఎప్పుడో కరిగిపోయినా ఇది ఆగి ఆగి మే దాకా కరుగుతుంది, ఆ నీళ్ళు లేహ్ దగ్గరి ఫ్యాంగ్ అనే ఊళ్ళో నాటిన మొక్కలకి పారాయి. దానికంటే ముందే ఛెవాంగ్ నోర్ఫెల్ అనే ఇంజనీరు, ఆయన గవర్నమెంట్ సర్వీసులో ఉన్నవాడే, వాగుల్ని నీడపట్టుకి మళ్ళించి చిన్న చిన్న హిమానీనదాలు కట్టాడు. చలికాలం వస్తే ఊళ్ళ కుర్రాళ్ళు ఆ మంచు స్తూపాలు కడతారు, వాటికి పూజ జెండాలు కడతారు, మనం చూస్తే పెద్ద శిల్పం అనుకుంటాం. నన్నడిగితే కొండల్లో ఏ కళాకారుడైనా ముందు ఇది చూసి తర్వాత తన పని మొదలుపెట్టాలి, ఇంత అందం ఇంత అవసరంలోంచి వచ్చిందని తెలిస్తే ఊరికే ఒక విగ్రహం పెట్టి వెళ్ళడానికి మనసొప్పదు.

ప్రశ్న: నేను వడ్రంగి మేస్త్రీని. పుస్తకంలో మా అమ్మాయి చూపించింది, అడవిలో కొమ్మలతో అల్లిన గుడి లాంటిది. వార్నిష్ లేదు, మేకు లేదు. వానకి, చెదకి ఎన్నాళ్ళు నిలుస్తుంది? నిలవని దానికి అంత పని ఎందుకు చేస్తారు?
– అంబత్తూరు, చెన్నై

మేస్త్రీ గారూ, అది ఇటలీలో త్రెంతీనో కొండల్లో ఆర్తె సెల్లా అనే చోటుది, 1986 నుంచి అక్కడ అడవిలోనే కళ జరుగుతోంది. జూలియానో మౌరీ అనే ఇటలీ కళాకారుడు దాన్ని 2001లో కట్టాడు. 80 స్తంభాలు, ఒక్కోటి 12 మీటర్ల ఎత్తు, అన్నీ కొమ్మలు కొమ్మలు బుట్ట అల్లినట్టు అల్లినవే. మీరు పట్టుకున్న పాయింట్ కరెక్ట్, అది నిలవదు, నిలవకూడదనే కట్టాడు. ప్రతి స్తంభం లోపల ఒక హార్న్‌బీమ్ మొక్క నాటాడు, బయటి అల్లిక ఏళ్ళకేళ్ళు ఆ మొక్కకి ఊతకర్రలా ఉండి, మెల్లగా కుళ్ళి మట్టిలో కలిసిపోయి ఎరువవుతుంది, ఈలోపు మొక్క చెట్టయి స్తంభం తనే అవుతుంది. మౌరీ 2009లో పోయాడు, చెట్లు పెరుగుతూనే ఉన్నాయి. 2018 అక్టోబర్ చివర్లో వాయా అనే తుఫాను వచ్చి ఆ లోయలో అడవిని పడగొట్టేసింది, ఆర్తె సెల్లాకి కూడా గట్టి దెబ్బే తగిలింది, మళ్ళీ నిలబెట్టుకున్నారు.

మీరు పాలిష్ చేసిన తలుపు యాభై ఏళ్ళు ఉండాలని చేస్తారు, అది మీ పని గొప్పతనం. ఆయన తన చేతి పని ఎప్పుడు పోవాలో లెక్కేసి, అది పోయేసరికి చెట్టు అందుకునేలా చేశాడు. రెండింటికీ కర్ర గుణం తెలిసిన చెయ్యే కావాలి. మీ అమ్మాయికి ఇంత ఆసక్తి ఉంటే ఇంజంబాక్కంలో చోళమండల్ కళాకారుల ఊరికి ఒక ఆదివారం తీసుకెళ్ళండి, కె.సి.ఎస్. పణిక్కర్ గారూ శిష్యులూ 1966లో కట్టుకున్నది, చెట్ల కింద శిల్పాలు ఉంటాయి, మీరూ చూడండి.

ప్రశ్న: అక్కా, నేను చెన్నైలో ఫైన్ ఆర్ట్స్ చదువుతున్నాను, మా అమ్మమ్మ వాళ్ళది అరకు దగ్గర కొండ మీద ఊరు. ఎచిగో త్సుమారి చూశాక మా ఊళ్ళో కూడా అలాంటి ఇంటర్నేషనల్ ఎగ్జిబిషన్ పెట్టాలని గట్టిగా ఉంది. ఇన్‌స్టాలో పరిచయమైన కొరియా, జర్మనీ ఆర్టిస్టులు ఇద్దరు ముగ్గురు వస్తామంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– బి.ఎఫ్.ఏ. విద్యార్థి, చెన్నై

తమ్ముడూ, నీ ఉత్తరం చదివి చాలా సంతోషం వేసింది, అందుకే వివరంగా రాస్తున్నా. ముందు ఆ ఆర్టిస్టులకి ఇప్పుడే టికెట్లు కొనొద్దని చెప్పు. కితగావా అంత పేరున్న మనిషి, సొంత జిల్లాలో, ప్రభుత్వం వెనక ఉండి కూడా మొదటి ఫెస్టివల్ జరగడానికి ఏళ్ళ తరబడి ఊరూరా మీటింగులు పెట్టుకోవాల్సి వచ్చింది, మా డబ్బు కళ మీద తగలేస్తారా అని పెద్దవాళ్ళు ఎదురు తిరిగారు. వాళ్ళ మనసు మార్చింది స్పీచులు కాదు, కొహెబి తాయ్ అనే వాలంటీర్లు, ఎక్కువగా సిటీ స్టూడెంట్లే, వచ్చి ఇంటింటికీ తిరిగి, మంచు తీసి, పొలం పనిచేసి, మళ్ళీ మళ్ళీ వచ్చారు. 2004 భూకంపం అప్పుడు కూడా వచ్చారు. 2018కి చూడ్డానికి వచ్చినవాళ్ళు 5 లక్షలు దాటారంటే ఆ పునాది మీదే.

మీ ఊరు అరకు దగ్గర కాబట్టి ఐదో షెడ్యూల్ ఏరియా, అంటే రాజ్యాంగం ప్రత్యేకంగా గుర్తించిన గిరిజన ప్రాంతం, అయ్యే ఉంటుంది, అంటే 1996 పెసా చట్టం ప్రకారం గ్రామసభ మాటకి బలం ఉంటుంది. నువ్వు మనవడివే అయినా సభలో కూర్చుని ఏం చేస్తావో, ఎన్నాళ్ళుంటుందో, ఎవరు తీస్తారో చెప్పి వాళ్ళు సరే అంటేనే అడుగు వెయ్యి. జాగా రిజర్వ్ ఫారెస్ట్‌లో పడితే ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్ పర్మిషన్ వేరే. ఏ రాయి మీద పడితే ఆ రాయి మీద రంగు వేయకు, కొన్ని రాళ్ళు దేవతలు, ఏది ఏమిటో అమ్మమ్మని అడుగు.

సామాను గురించి రాశావు, ఫైబర్‌గ్లాస్ చెన్నై నుంచి తెస్తానని. వద్దు. అక్కడ వెదురు ఉంది, అడ్డాకు ఉంది, ఎర్ర మట్టి ఉంది, వాటితో బుట్ట అల్లేవాళ్ళూ విస్తరి కుట్టేవాళ్ళూ గోడ అలికేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు నీకు కూలీలు కాదు, నీతో పాటు కళాకారులు, కాబట్టి పేరు పక్కన పేరు వెయ్యి, రోజు కూలి ముందు రోజే మాట్లాడుకుని సాయంత్రానికి చేతిలో పెట్టు. ఊళ్ళో జాతర ఎలా నడుస్తుందో చూశావుగా, డప్పు ఎవరిది, వంట ఎవరిది, మర్నాడు ఊడ్చేది ఎవరు అన్నది ఎవరూ చెప్పక్కర్లేదు, నీ ఎగ్జిబిషన్ కూడా అలా ఊరి పనిగా కుదిరితేనే రెండోసారి జరుగుతుంది.

ఇంటర్నేషనల్ అన్న మాట ఇప్పుడే పెట్టుకోకు. మొదటి ఏడాది నువ్వూ నీ క్లాస్‌మేట్లు ఇద్దరూ చాలు. ఒకే ఒక్క పని చెయ్యండి, ఊరికి పనికొచ్చేది. ఉదాహరణకి సంతకి నడిచి వెళ్ళే దారిలో బరువులు దించుకుని కూర్చోవడానికి వెదురుతో ఒక నీడ, దాని కప్పు మీద పడిన వాన ఒక కుండలోకి చేరేలాగ. అది ఒక వానాకాలం తట్టుకుంటే, చెడిన చోట ఊరివాళ్ళే వచ్చి బాగుచేస్తే, అప్పుడు కొరియా వాళ్ళకి మెయిల్ రాయి. వాళ్ళ దేశంలో గోంగ్‌జూలో యాటూ అనే గుంపు 1981 నుంచి ఇలా ప్రకృతిలోనే పనిచేస్తోంది, 2004 నుంచి బినాలే, అంటే రెండేళ్ళకోసారి జరిగే కళా ప్రదర్శన, జరుపుతోంది, నీ ఫ్రెండ్ దాని గురించి నీకు చాలా చెప్పగలడు, ముందు అతని దగ్గర నేర్చుకో.

ఇక ఎప్పుడు వెళ్ళాలి అంటే, కాఫీ పళ్ళ కోత నవంబర్‌లో మొదలై జనవరి దాకా ఉంటుంది, అప్పుడు ఊళ్ళో ఎవరికీ నీతో కూర్చుని మాట్లాడే తీరిక ఉండదు, కోతకి వెళ్ళి నాలుగు బుట్టలు కోసి పెడతానంటే మాత్రం వెంటనే వెళ్ళు, మాటలన్నీ అక్కడే అవుతాయి.